పద్దెనిమిదో రూలు

రుమాలు లేదు. బండి పుట్టే మారికుప్పంలోనే ఎక్కి, మూడో పెట్టెలో ఎడమవైపు, కిటికీ నుంచి రెండో సీటు మీద గాడ్విన్ ఆరేళ్ళుగా సీతారామ కోసం పరిచి ఉంచే నీలిగళ్ళ రుమాలు ఈ పొద్దు లేదు. దాని బదులు గాడ్విన్ సంచి ఉంది. ఊరుగాంలో ఎక్కిన సీతారామ ఎదురుగా వచ్చి నిలబడ్డాక ఒక క్షణం గడిచింది. ఎద్దుబండి ఎక్కి వచ్చినట్టు నింపాదిగా గడిచింది. అప్పుడు గాని గాడ్విన్ ఆ సంచి తీసి ఒళ్ళో పెట్టుకోలేదు. కూచోన్నా అన్నాడు. అనడంలో తేడా ఏమీ లేదు, తేడా లేకపోవడమే తేడా. సీతారామ ఇరవై నాలుగేళ్ళుగా బెంగుళూరులో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు పరిశీలించే కుర్చీలో కూర్చున్న మనిషి. భర్త పోయాడని ఏడుస్తూ వచ్చిన ఇల్లాలికైనా ముందు మంచినీళ్ళిచ్చి, తర్వాత ఓదార్చి, ఆ తర్వాత సరిగ్గా ఎన్ని గంటలకు పోయాడని అడిగేవాడు. సందేహంలోనే దేహం ఉంది, అనుమానంలోనే మానం ఉంది అని కొత్తగా చేరిన గుమాస్తాలకు పాఠం చెప్పేవాడు. అలాంటివాడికి రుమాలు లేని సీటు సీటు కాదు, సాక్ష్యం. కూర్చున్నాడు. సీటు వెచ్చగా ఉంది, సంచి వేడా, లేక తనకంటే ముందు ఇంకెవరినైనా కూర్చోబెట్టి లేపారా, లేపితే ఎవరిని, తన జాగాలోకి కొత్త మనిషిని కొలత చూసుకోడానికి తెచ్చారా, చొక్కాకి కొలత తీసినట్టు. ఎదురు సీట్లో డెన్నిస్ ఉన్నాడు, ఛాంపియన్‌లో ఎక్కినవాడు, ఆండర్సన్‌పేట మనిషి, కృష్ణరాజపురం బళ్ళో డ్రిల్లు మాస్టరు, నలభై ఏళ్ళకే బట్టతల. డెన్నిస్ నవ్వాడు. నవ్వి, కాగితం పొట్లం విప్పి, తినన్నా అని మసాలవడ ఇచ్చాడు. వడ ఎందుకిస్తున్నాడు? పదహారు రోజులుగా పొడిపొడిగా మాట్లాడే మనిషి నూనె కారే వడ ఎందుకిస్తున్నాడు? మేకకు ఆకు పెట్టేది దాని ఆరోగ్యం కోసమా?

తిన్నాడు, వడ మీద అనుమానం ఉన్నా ఆకలి మీద లేదు. బయట సైనైడ్ దిబ్బలు వెనక్కి పోతున్నాయి, పొద్దుటి ఎండ పడితే పాలకోవా ముద్దల్లా ఉంటాయి, తాతల కాలంలో దొరలు రాయి నలిపి, సైనైడ్ పోసి బంగారం తీసుకుని మనకు పిండి మిగిల్చిపోయారు. కోలారు ఆ తర్వాత కోలుకోలేదు, గని మూసేశారు గనుక జనమంతా ఈ బండెక్కారు. పొద్దున పోయి రాత్రికి వచ్చే ఊరు. పోనూ రానూ నాలుగు గంటలు. కొందరు పేకాడతారు, కొందరు భజన చేస్తారు, కూరగాయలు తరిగే ఆడవాళ్ళ పెట్టె ఒకటి వేరే ఉంది, ఈ ఆరు సీట్ల మూలలో మాత్రం ఆరేళ్ళుగా ఒక పాతాళ రాజ్యం నడుస్తోంది. గాడ్విన్ తన వైట్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో ఎవరో కుర్రకారు ఆడుతుంటే చూసి తెచ్చిన ఆట. ఒక్కొక్కరు కాగితం మీద ఒక్కొక్క మనిషిని పుట్టించుకుంటారు, వాడికి బలమెంత, తెలివెంత, చేతిలో ఏముంది అని రాసుకుంటారు, గాడ్విన్ కథ చెప్తాడు, ఇదిగో సొరంగం, ఇదిగో రాక్షసి, నీ మనిషి ఏం చేస్తాడు అని అడుగుతాడు, చేసింది ఫలించిందా లేదా అన్నది పాచిక చెప్తుంది. పాచికకు ఇరవై ముఖాలు. రావణాసురుడికే పది. ఎక్కువ పడితే బతుకు, తక్కువ పడితే అధోగతి, ఇంత చిన్న విషయానికి అన్ని ముఖాలెందుకో సీతారామకు మొదటి వారం అర్థం కాలేదు. రెండో వారానికి ఆయన ఆ ఆటలో పీకలదాకా మునిగాడు. కాగితం మీద ఆయన పుట్టించింది ఒక దొంగను. వాడికి తన బ్రాంచి మేనేజరు పురుషోత్తమ్ పేరు పెట్టాడు. ఇంట్లో కుముదకు ఇదేమీ తెలియదు. ఆఫీసుకు ఇంత హుషారుగా పోయే మొగుణ్ణి లోకంలో ఎక్కడా చూళ్ళేదని ఆమె అనుమానాలు ఆమెకున్నాయి. కోలారు బ్రాంచికి, ఇంటికి గంట దూరానికి, ట్రాన్స్‌ఫర్ ఇస్తామని కంపెనీ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వద్దన్నాడు. ఈ సీటు కోసం. యాభై రెండేళ్ళ మనిషికి లోకంలో సొంతమని చెప్పుకోడానికి ఇంకేముంది, ఇంటికి పోతే భర్త, ఆఫీసుకు పోతే సార్, ఈ రెంటికీ నడుమ పరిగెత్తే ఈ జాగాలో మాత్రమే తాళం లేకుండా తలుపు తీసేవాడు, చీకట్లో పిల్లిలా నడిచేవాడు, మాటతో మహారాణుల్ని మాయ చేసేవాడు. ఈ సీటు పోతే ఆ పోయేది సీటు కాదు.

కోరమాండల్‌లో జూలియా ఎక్కింది. కంటోన్మెంటు దగ్గర ఆస్పత్రిలో నర్సు, చేతిలో మూడు అరల డబ్బా, చంకలో ఆ పుస్తకం. ఆ పుస్తకమే. గీతల నోటుబుక్కు, అట్ట మీద బైండు ఊడకుండా ఆస్పత్రి ప్లాస్టరు వేసి అంటించింది. ఇందులోనే రూల్సు ఉన్నాయి, ఎక్కడో దూరదేశంలో అచ్చేసిన పెద్ద పుస్తకం లోని రూల్సు కావు, ఈ బండికి, ఈ మూలకు, ఈ మనుషులకు పుట్టిన రూల్సు, రైలులో పుట్టిన రూలు. మొదటిది: బండి ఆగి ఉన్నప్పుడు వేసిన పాచికే పాచిక, కదిలే బండిలో పడింది కుదుపు పని, మనిషి అదృష్టం కాదు. అందుకని ఒక్కోసారి పురుషోత్తమ్ కత్తి ఎత్తి, వచ్చే స్టేషను దాకా పదిహేను నిమిషాలు అలాగే ఎత్తుకుని నిలబడతాడు. రెండోది: పాచిక జూలియా డబ్బా మూతలో వేయాలి. మూడోది: సీటు కింద పడింది చచ్చిన పాచిక. ఎవరి ఫోను మోగితే వాళ్ళ మనిషి ఉనికి రాక్షసులకు తెలిసిపోతుందని ఒకటి. నిద్రపోయిన ఆటగాడి మనిషీ నిద్రపోయినట్టే, అప్పుడు పక్క సీటువాళ్ళు వాడి తరఫున పాచిక వేయాలని ఒకటి. రాని ఆటగాడి ప్రాణం ఎదురు సీటువాడి చేతిలో అని ఇంకొకటి, ఇది తొమ్మిదోది. ఆటలో ఎవరైనా పోతే పోయాడు అనకూడదు, పైకి రాలేదు అనాలి; ఇది డెన్నిస్ పెట్టించింది, గనుల్లో అలాగే అనేవారని వాళ్ళ నాన్న చెప్పాడట. ఇలా పదిహేడు. పదిహేడే ఉండేవి. నిన్న సాయంకాలం తిరుగు ప్రయాణంలో జూలియా నిద్రలో తూగుతుంటే ఆమె ఒళ్ళోంచి జారిన పుస్తకాన్ని పట్టుకుని తిరిగి పెట్టబోతూ, పెట్టేముందు ఒక్క పుట తిప్పి, క్లెయిములవాడి వేలు పుట తిప్పకుండా ఉండలేదు కదా, చూశాడు సీతారామ. పద్దెనిమిది. ఆకుపచ్చ ఇంకు. జూలియా చేతిరాత. పాచిక వేయకముందే అది ఏ మనిషికో పేరు పైకి చెప్పాలి, పేరు చెప్పకుండా వేసింది చెల్లదు. నియమం అనే మాటలో యముడు దాగున్నాడని అప్పుడు తెలిసింది ఆయనకు.

ఎందుకంటే పేరు చెప్పకుండా వేసినవాడు తను. ఊరందరికీ తెలిసినట్టు వీపు కాలుతోంది, కానీ ఎవరికీ తెలియదు, తెలిసే వీలు లేదు, తెలిసి ఉంటే ఎలా తెలిసింది? పదహారు రోజుల కిందట, మంగళవారం. డెన్నిస్ రాలేదు, వాళ్ళమ్మ ఎస్తరమ్మకు కంటి ఆపరేషను. తొమ్మిదో రూలు ప్రకారం డెన్నిస్ మనిషి సీతారామ చేతిలోకి వచ్చాడు. డెన్నిస్ మనిషి పేరు దొడ్డప్ప, దీపం పట్టుకుని అందరికంటే ముందు నడిచే ముసలి గనివాడు, అసలు దొడ్డప్ప డెన్నిస్ వాళ్ళ నాన్న, కాగితాల్లో అమృతరాజు, గనిలో దిగిన ప్రతివాడికీ దొడ్డప్పే, అంటే పెదనాన్నే, దగ్గుతో పోయి పదకొండేళ్ళయింది. ఆటలో ఏడో లెవెల్లో అగాధం మీద తాళ్ళ వంతెన. ఇద్దరే మిగిలారు దాటడానికి, దొడ్డప్ప, పురుషోత్తమ్. బండి టేకల్‌లో ఆగింది. ఆగేది ఒక్క నిమిషం. రెండు పాచికలు వేయాలి. తొందరగా వేయన్నా అన్నాడు గాడ్విన్. వేశాడు. మొదటిది మూడు. రెండోది పద్దెనిమిది. దొడ్డప్పకి మూడు, అన్నాడు సీతారామ. అంతే. ఆ మాట ఎంత సేపు? తుమ్మంత సేపు. గాడ్విన్ రాసుకున్నాడు, జూలియా అయ్యో అంది, వంతెన తెగింది, దొడ్డప్ప దీపం చాలాసేపు కిందికి పోతూ కనిపించిందని గాడ్విన్ చెప్పాడు, గాడ్విన్ చెప్తే అలాగే ఉంటుంది. ఇప్పుడు తన క్లెయిము తనే పరిశీలించుకుంటున్నాడు. మొదటి పాచిక ఎవరిది? చెప్పండి సీతారామగారూ, వేసేటప్పుడు మీ మనసులో ఎవరున్నారు? ఎవరూ లేరండీ, ఖాళీగా ఉంది. ఖాళీగా ఎందుకుంటుంది, మీ చెయ్యి మూతలోకి పోతున్నప్పుడు మీరు పెదవి కదిపారు, ఏమన్నారు? గుర్తు లేదండీ. గుర్తు లేదన్న ప్రతి క్లెయిమునీ మీరేం చేస్తారు? తోసిపారేస్తాను. మరి? పురుషోత్తమా కాపాడరా అనుకున్నాను. మొదటి పాచిక మీదే కదా? నాదే. మూడు చూశారు, ఎదురు సీటు చూశారు, ఖాళీగా ఉంది, లేనివాడి నెత్తిన పెట్టారు. అవును. లేనివాడైతే కాదనడు గనుక.

మరునాడు డెన్నిస్ వస్తే గాడ్వినే చెప్పాడు. డెన్నిస్ కిటికీలోంచి కాసేపు చూసి, సరే, పాచిక అంటే పాచికే కదన్నా అన్నాడు. కొత్త మనిషిని పుట్టించుకో అంటే చూస్తాం అన్నాడు. పదహారు రోజులుగా చూస్తూనే ఉన్నాడు, ఆటలో లేకుండా ఆట పక్కన కూర్చుంటున్నాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకునే తిరుగుతున్నాడు. ఆ జేబు వంక చూడకుండా ఉండడానికి సీతారామ ఆ జేబు వంకే చూస్తున్నాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడంటారు, ఈ పదహారు రోజుల్లో తడిమి తడిమి భుజాల దగ్గర చొక్కా చిరిగింది. ఎవరు ఎవరితో గుసగుసలాడినా తన గురించే. మొన్న జూలియా, గాడ్విన్ వాకిలి దగ్గర నిలబడి ఏదో మాట్లాడుకుని తను రాగానే ఆపేశారు. నిన్న రాత్రి గాడ్విన్ గ్రూపులో మెసేజీ పెట్టాడు, రేపు టేకల్‌లో ఒక విషయం తేల్చాలి, అందరూ తప్పకుండా రావాలి. టేకల్‌లోనే ఎందుకు? బంగారుపేటలో పది నిమిషాలు ఆగుతుంది, అక్కడ తేల్చొచ్చు కదా, నేరం జరిగిన చోటే పంచాయితీ పెట్టాలని కాకపోతే. తప్పకుండా అన్న మాట ఎవరి కోసం? ఈ ఆరేళ్ళలో తప్పినవాడు డెన్నిస్ ఒక్కడే, అదీ తల్లి కంటికోసం. తప్పు చేసినవాణ్ణే తప్పకుండా రమ్మంటారు.

బంగారుపేట. పేరులో బంగారం, పేటలో జనం, జనం మోచేతులు. ఇక్కడ ఆట ఉండదు, మూతలో పాచిక కాదు, కాలు మీద కాలు వేయడానికే చోటుండదు. గాడ్విన్ కిటికీలోంచి నాలుగు టీలు తీసుకున్నాడు. నాలుగు. అంటే తను లెక్కలో ఉన్నాడు. లేదా, ఉరి తీసేముందు కూడా టీ ఇస్తారు. గాడ్విన్ జేబులోంచి నీలిగళ్ళ రుమాలు తీశాడు, ముక్కు చీదాడు, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. జలుబా? రుమాలు పరచకపోవడానికి జలుబా కారణం? ఎంత చక్కటి కారణం, ఎంత వైద్యపరమైన కారణం, సర్టిఫికెట్ కూడా పక్కనే ఉన్న నర్సు ఇస్తుంది. జూలియా ఆయన్ని చూసింది. చూసి చూపు తిప్పేసింది, ఆ తిప్పడంలో ఏదో ఉంది, తప్పు పట్టుకున్న కన్ను అలా తిరగదు, పట్టుకున్న కన్ను నిలుస్తుంది, ఇది జారింది, ఎందుకు జారింది, ఆరేళ్ళ స్నేహితుణ్ణి గెంటేయబోతున్నామన్న జాలా? జాలి కంటే జైలు నయం. ఏమప్పా సీతారామన్న ఈ పొద్దు ఒక్క జోకూ వదల్లేదే అన్నాడు డెన్నిస్ గాడ్విన్‌తో, తను అక్కడ లేనట్టు. నిజమే, రోజూ ఈపాటికి మాట మీద మాట తిప్పి నలుగురినీ విసిగించి ఉండేవాడు, మాటలు తిప్పడం ఆయన వ్యసనం, అసలు ఆ దురలవాటే కొంప ముంచింది, ఆ మంగళవారం కూడా మాటే కదా తిప్పాడు. బండి కదిలింది. పొలాల్లో టమాటా కట్టెలు, మల్బరీ తోట, ఒకామె తలమీద గడ్డిమోపుతో గేటు దగ్గర ఆగి బండిని చూస్తోంది, ఆమెకు ఏమీ తెలియదు, ఎంత సుఖం. ముందుగానే దిగిపోతే? టేకల్‌లో దిగి నంగిలి బస్సేదో పట్టుకుని, లేదు, టేకల్‌లో నంగిలి బస్సేముంది, అది ముళబాగిలు రోడ్డు కదా, మనిషికి భయమేస్తే భూగోళం మారిపోతుంది. దిగి కోలారు బ్రాంచికి రాసిచ్చేయవచ్చు. నాలుగోసారి అడిగేదాకా ఆగక్కర్లేదు, తనే అడగొచ్చు. కుముద సంతోషిస్తుంది. ఆరున్నరకల్లా ఇంట్లో ఉండే మనిషి. ఆరున్నరకు ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు ఆ మనిషి? టీవీలో వార్తలు చూసి ఒక్కటీ నమ్మకుండా నిద్రపోతాడు.

వేగం తగ్గింది. టేకల్ బండరాళ్ళు, ఒకదాని మీద ఒకటి ఎవరో ఆడుతూ పేర్చి మరిచిపోయినట్టున్న గుట్టలు, ప్లాట్‌ఫారం, పసుపు బోర్డు, ఆగింది. ఒక్క నిమిషమే కదా, ఒక్క నిమిషంలో ఎంత తేలుతుంది అనుకున్నాడు గాని సిగ్నలు పడలేదని ఎవరో అన్నారు, సిగ్నలు కూడా వీళ్ళ పక్షమే. గాడ్విన్ మూత తీయలేదు, పాచిక తీయలేదు. జూలియా, నువ్వే చెప్పు అన్నాడు. జూలియా పుస్తకం రెండు చేతులతో పట్టుకుంది. సీతారామ ఆమె గోళ్ళ వంక చూస్తున్నాడు, రంగు లేని పొట్టి గోళ్ళు, సూదులు వేసే చేతులు, నొప్పెట్టదు అని చెప్పి వేసే చేతులు.

"సోమవారం నువ్వు నిద్దరపోయినావు కదన్నా," అంది జూలియా. "నీ పురుషోత్తమ్‌కీ నా మనిషికీ నేనే వేసినాను. నాకు నాలుగు పడింది, నీకు పదైదు. నేను తిప్పి చెప్పేసినాను. అందుకే వాడి చెవి పోయింది. ఆ దినం నుంచి నాకు అన్నం పోలేదు."

ఇంకా చెప్పింది. తన మాంత్రికురాలికి ఒక్క ప్రాణమే మిగిలిందని, భయమేసిందని, నిద్రపోయేవాడికి తెలీదు కదా అనుకున్నానని, గాడ్విన్‌తో ఒప్పుకున్నానని, ఇకమీద ఎవరికీ అలాంటి బుద్ధి పుట్టకుండా తన చేత్తోనే ఆ రూలు రాసుకున్నానని, రాసింది తన మీదేనని. సీతారామకు మాటలు వరసగా వినిపిస్తున్నాయి గాని అర్థాలు వరసలో రావడం లేదు, చెవి, ఏ చెవి, అవును సోమవారం మెలకువ వచ్చేసరికి నీ దొంగకి ఎడమ చెవి పోయిందన్నా అని గాడ్విన్ చెప్పాడు, అయ్యో అని ఊరుకున్నాడు, ఊరుకున్నాడు! లోకంలో ప్రతి రుమాలునీ ప్రతి వడనీ అనుమానించిన మనిషి తన చెవి ఎలా తెగిందో అడగలేదు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు. అసలు దొంగతనం జరిగిన ఒక్క చోటే కన్ను మూసి నిద్రపోయాడు, మిగతా చోట్లన్నీ తన దొంగతనం నీడనే చూశాడు. అంటే వీళ్ళకు తెలియదు. ఎవరికీ తెలియదు. అమ్మయ్య. ఆ అమ్మయ్యలో అమ్మ ఎంత, అయ్య ఎంత, గుండె మీదనుంచి బండరాయి దిగింది, దిగి ఎక్కడికీ పోలేదు, ఒళ్ళో కూర్చుంది. పరవాలేదమ్మా, ఒక చెవి పోతే ఏమైంది, దొంగకి రెండు చెవులెందుకు, పట్టుకునేవాడికి సులువు తప్ప, అన్నాడు. అందరూ నవ్వారు. జూలియా నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఎంత సులభం. మాట తిప్పితే చాలు.

గాడ్విన్ ఆమె చేతిలోంచి పుస్తకం తీసుకుని సీతారామ ఒళ్ళో పెట్టాడు. ఇంగ ఇది నీ దగ్గరే ఉండనీ అన్నా అన్నాడు, కథ చెప్పేవాడి దగ్గర రూల్సు ఉంటే కథ వంకర పోతాది, నీకు అన్యాయం జరిగినా ఒక్క మాట అనలేదు, డెన్నిస్ కూడా నువ్వే సరి అన్నాడు. డెన్నిస్ తల ఊపాడు. పుస్తకం బరువుగా ఏమీ లేదు, నూట అరవై పుటలు, అట్ట మీద ప్లాస్టరు, ఇందుకేనా పిలిచింది, ఇందుకా వడ, ఇందుకా అందరూ తప్పకుండా, పంచాయితీ కాదు పట్టాభిషేకం. తీసుకో. తీసుకుని సంచిలో పెట్టుకో. సీటు ఇంక శాశ్వతం, ఎవరూ రుమాలు కూడా వేయనక్కర్లేదు. తెలిసే వీలు ఎక్కడుంది, ఆ పాచికకు ఇరవై ముఖాలున్నా ఒక్కదానికీ నోరు లేదు. కానీ ఈ పుస్తకం సంచిలో ఉంటే రోజూ తీయాలి, తీస్తే రోజూ ఆకుపచ్చ ఇంకు, ఎదురుగా రోజూ ఆ జేబు, ఆ మడత. ఒక నర్సుకు మూడు రోజులు అన్నం పోలేదట, తను పదహారు రోజులు వడలతో సహా అన్నీ తిన్నాడు. చెప్తే? చెప్తే సీటు పోతుంది. చెప్పకపోతే సీటు ఉంటుంది, కూర్చునేవాడు ఉండడు. ముందు ఇంజను కూత వేసింది. సిగ్నలు పడిందేమో. ఇప్పుడు కదిలితే చెప్పడం మాలూరు దాకా వాయిదా, మాలూరులో జనం ఎక్కుతారు, అక్కడా వాయిదా, వాయిదాల వ్యాపారం తనకు తెలిసినంత ఎవరికి తెలుసు.

"డెన్నిస్," అన్నాడు. "ఆ మంగళారం మొదట పడిన మూడు నాది. నేను మార్చి చెప్పినాను."

బండి కదిలింది. జూలియా చెయ్యి నోటి దగ్గరికి పోయి అక్కడే ఉంది. గాడ్విన్ ముక్కు తుడుచుకోవడం మరిచిపోయాడు. డెన్నిస్ మాత్రం చాలాసేపు, ఒక కంకర కుప్ప, రెండు కరెంటు స్తంభాలు, ఒక గేటు దాటేదాకా, సీతారామ మొహంలోకి చూశాడు.

"నేను లేననే కదా," అన్నాడు.

"ఊ."

"మా అమ్మ దినామూ సాయంత్రం అడుగుతాదన్నా. నాయన యాడిదాకా పోయినాడురా అని. కంటికి కట్టు ఉన్నప్పుడు కూడా అడిగింది. పదహారు దినాలుగా నేను అబద్ధం చెప్తా ఉండాను."

లేచి వాకిలి దగ్గరికి పోయాడు. కమ్మీ పట్టుకుని బయటికి మొహం పెట్టి నిలబడ్డాడు. చొక్కా గాలికి ఉబ్బుతోంది. సీతారామ ఆ వీపునే చూస్తున్నాడు, అందులో అనుమానించడానికి ఏమీ లేదు, అది కోపంగా ఉన్న వీపు, ఇంకే అర్థమూ లేని వీపు, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఒక వస్తువు ఎలా ఉందో అలా కనిపిస్తోంది. ఎస్తరమ్మ ఒక్కసారి కనిపించింది, ఎప్పుడో, ఊరుగాం మార్కెట్లో, చీర కొంగు బిగించి చేపలు బేరమాడుతూ. ఆమె సాయంత్రాలు వింటుందని తెలియదు. గనిలోకి దిగిన మొగుడి కోసం ముప్పై ఏళ్ళు సాయంత్రాలు ఎదురు చూసిన మనిషి, ఆయన పోయాక కూడా, కాగితం మీద, ఇంకో లెవెల్, ఇంకో లెవెల్. తెలిసి ఉంటే మార్చేవాడా? మార్చేవాడేమో. అప్పుడు ఎదురు సీటు ఖాళీగా ఉంది, ఖాళీ సీటు వెనక ఎవరున్నారో ఎవడు చూస్తాడు. పుస్తకం తీసి గాడ్విన్‌కి ఇవ్వబోయాడు. గాడ్విన్ తీసుకోలేదు, తీసుకోననీ అనలేదు, అది ఇద్దరి మధ్యా సీటు మీద పడి కుదుపుకి కొద్దికొద్దిగా జరుగుతోంది. వైట్‌ఫీల్డ్ దాకా ఇలాగే కూర్చోవాలా, రేపు వేరే పెట్టె ఎక్కాలా, భజన పెట్టెవాళ్ళు చేర్చుకుంటారా, తాళం వేయడం రాదు, తాళాలు తీయడమే వచ్చు, ఛీ, ఇప్పుడు కూడా మాటే.

మాలూరులో బండి ఆగింది. ఇటుకల బట్టీల పొగ, తోపులాట. డెన్నిస్ వాకిలి దగ్గరనుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఎదురు సీట్లో అప్పటికే ఎవరో పాలక్యాను పెద్దాయన కూర్చున్నాడు. డెన్నిస్ సీతారామ ముందు నిలబడ్డాడు.

"జరుగన్నా," అన్నాడు.

జరిగాడు. డెన్నిస్ పక్కన ఇరుక్కుని కూర్చుని, జేబులోంచి ఫోను తీసి నొక్కాడు. గోలలో వినపడదని స్పీకరు పెట్టాడు. నాలుగు రింగుల తర్వాత, బండి ఎక్కినాక ఫోను చేయవు కదా, ఏమైందిరా అంది ఎస్తరమ్మ. ఏమీ కాలేదమ్మా అన్నాడు డెన్నిస్, నాయన వంతెన దాటేసినాడు, అది చెప్దామని. దాటినాడని పోయిన వారమే చెప్పితివి కదరా, ఎన్ని తూర్లు దాటతాడు అంది ఆమె. డెన్నిస్ ఫోను సీతారామ చేతిలో పెట్టాడు, పెట్టి, అటువైపు మొహం తిప్పుకున్నాడు.

ఫోను వెచ్చగా ఉంది. చెప్పడానికి వేయి విధాలున్నాయి, ఆయన నాలుక మీద అవన్నీ వరసకట్టాయి, ఒక్కటీ పనికి రాలేదు.

"అమ్మా, నేను సీతారామను, ఊరుగాం," అన్నాడు. "ఆయన నిజంగానే దాటినాడు. పడింది మావాడు, పురుషోత్తమ్. నేను మార్చి చెప్పినాను."

ఆ వైపు ఎక్కడో కుక్కరు విజిలు వేసింది.

"అట్లనా," అంది ఎస్తరమ్మ. "చానా లోతా నాయనా ఆడ? ఎవరన్నా దిగి చూసినారా వాణ్ణి?"